అన్నీ బంద్ జెయ్యుండ్రి

సిస్టరమ్మను సమాధి చేసిన రోజు మా చర్చి సంఘ పెద్ద మైకు పట్టుకుని ఆమెను సౌమ్యురాలు అన్నాడు. ఎవరినీ నొప్పించి ఎరగని మనిషి అన్నాడు. ఎండలో గొడుగుల కింద నిలబడ్డ జనం తలలు ఊపారు. నాకు అక్కడే ఒళ్ళు మండిపోయింది. ఆ పెద్దమనిషిని ఆమె ఎన్నెన్ని మాటలు అన్నదో అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. వాటిలో కొన్ని నేను చెవులారా విన్నాను. విన్నప్పుడల్లా లోపల్లోపల చప్పట్లు కొట్టాను. మనిషి పోగానే ఆ మనిషి నోట్లోని కోపం తీసేసి పంచదార పోసే ఈ అలవాటు మనకు ఎవరు నేర్పారో తెలియదు. బతికున్నప్పుడు ఆమె నోటికి భయపడి పక్క సందులోంచి తప్పుకు తిరిగినవాళ్ళే ఆ రోజు అందరికంటే ఎక్కువ తలలు ఊపారు.

అందుకే ఇది రాస్తున్నాను. సిస్టరమ్మ సౌమ్యురాలు కాదు. కోపిష్ఠి మనిషి. ఆ కోపం వల్ల ఒక మనిషి ఇంకా బతికి ఉన్నాడు.

ఆమె చేవెళ్ళ దవాఖానలో నర్సుగా చేసి రిటైరయింది. కనకమామిడి దగ్గర పెద్ద రోడ్డు దిగి లోపలికి వస్తే మా ఊరు. అక్కడ తమ్ముడి ఇంటి పక్క గదిలో ఉండేది. పొట్టి మనిషి. గంజి పెట్టిన తెల్లచీర. పైట మీద, నర్సులు పెట్టుకునే చిన్న గడియారం తలకిందులుగా వేలాడుతుండేది. తల వంచి చూసుకుంటే ఆమెకు మాత్రం సరిగ్గా కనిపించేది. ఉద్యోగం అయిపోయినా ఆ గడియారం తీయలేదు. రోగుల నాడి చూడటానికి వాడిన ఆ గడియారంతోనే ఆమె ఊళ్ళో కరెంటు మీటర్లు చూసి, ఎవరింటికి ఎంత సోలార్ కావాలో చెప్పడం మొదలుపెట్టింది. ఎందుకు మొదలుపెట్టిందో అడిగితే, "మంచానపడ్డోళ్ళకన్న బిల్లు సూసి పడిపోయేటోళ్ళు ఎక్కువైన్రు, గందుకు" అనేది.

నేను మొయినాబాద్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఆఫీసులో పనిచేస్తాను. నాకొక స్కూటీ ఉంది. సిస్టరమ్మకు నాతో స్నేహం కుదరడానికి కారణం ఆ స్కూటీయే. నా మంచి గుణాలు కావు. సెలవు రోజు వచ్చిందంటే వాకిట్లో గొంతు వినిపించేది.

"ఏయ్ పిల్లా, బండి తియ్యి. జర షాబాద్ రోడ్డు దాక పోయొద్దాం."

ఎందుకు, ఏమిటి అని అడిగితే తిట్టేది. అడగకపోతే, బుర్ర లేకుండా బయలుదేరానని తిట్టేది. వెనక పక్కకు తిరిగి కూర్చుని, ఒళ్ళో గుడ్డసంచి పెట్టుకునేది. అందులో సుద్దముక్కలు, ఒక కొలత టేపు, మడిచే గొడుగు, నీళ్ళ సీసా. దారిలో ఫామ్‌హౌస్ గోడల మీద పట్టపగలు వెలిగే లైట్లు కనిపిస్తే నా చెవిలో అరిచేది. "సూడు, సూర్యుడు సాల్తలేడంట ఈళ్ళకు!" నేను ఉలిక్కిపడి బ్రేకు వేస్తే దానికి మళ్ళీ తిట్లు.

ఆమె ఇంట్లోకి వచ్చే తీరు వేరు. వందనాలు, కుశల ప్రశ్నలు, మంచినీళ్ళు ఏవీ ఉండవు. గడప దగ్గరే నిలబడి ఒకటే మాట.

"అన్నీ బంద్ జెయ్యుండ్రి."

ఫ్యాను, ఫ్రిజ్, టీవీ, ఇంటర్నెట్ డబ్బా, గోడకు గుచ్చిన ఫోన్ చార్జర్లు, అన్నీ ఆపాలి. ఇంటివాళ్ళు చెమటలు తుడుచుకుంటూ నిలబడాలి. అప్పుడు ఆమె మీటరు ముందుకు వెళ్ళి, కళ్ళద్దాలు పైకి తోసి, అందులో మిణుకుమనే ఎర్ర లైటును చూసేది. ఒక్క లైటు మిణుకు కనిపించినా ఊరుకునేది కాదు. తర్వాత ఒక్కొక్కటే వేయించేది. ఫ్రిజ్ వేయమనేది. తల వంచి గడియారం చూస్తూ పెదాలు కదిలిస్తూ మిణుకులు లెక్కపెట్టేది. ఎన్ని మిణుకులైతే ఒక యూనిట్ అవుతుందో మీటరు మీదే రాసి ఉంటుంది. "రోగి నోటికొచ్చింది చెప్తడు. నాడి అబద్ధం చెప్పది" అనేది. ఫ్రిజ్ బంద్. ఫ్యాను వేయి. ఫ్యాను బంద్. మోటారు వేయి. మధ్యలో ఎవరైనా మాట్లాడితే చేయి పైకెత్తేది. రోగి మంచం పక్కన అట్లా చేయి ఎత్తే ఆమె ఎంతమంది చుట్టాలను బయటికి పంపిందో నేను ఊహించుకోగలను.

ఒక ఇంట్లో అన్నీ బంద్ చేసినా మీటరు మిణుకుమంటూనే ఉంది. ఆ ఇంటాయన బిల్లు ఎక్కువ వస్తున్నదని, పెద్ద సోలార్ పెట్టించుకుంటానని ఆమెను పిలిచాడు. ఆయన ఇంట్లో అన్నీ ఆపానని ఒట్టు పెట్టుకున్నాడు. సిస్టరమ్మ వైరు పట్టుకుని చూస్తూ ఇంటి వెనక్కి నడిచింది. కొట్టంలో రెండు బర్రెలు పడుకుని నెమరు వేస్తున్నాయి. వాటి మీద పెద్ద ఫ్యాను గిరగిరా తిరుగుతోంది.

"గిది బంద్ జెయ్యలే?"

"బర్రెలకు ఉడకపోస్తది సిస్టరమ్మా. అది ఇంట్లది కాదు గదా."

"మీటరుకు తెల్సా, అది ఇంట్లది కాదని?"

ఆయన గబగబా స్విచ్చు వైపు పోబోయాడు. ఆమె ఇంకా గట్టిగా అరిచింది. "దాన్ని బంద్ వెట్టకు! బర్రె పాలిస్తది. నీ ఇంట్ల రెండు టీవీలున్నయి, ఏది పాలిస్తది?"

సోలార్ ఎంత పెట్టాలో చెప్పేటప్పుడు ఆమెకు ఒక విషయంలో అసలు ఓపిక ఉండేది కాదు. జనం మే నెల బిల్లు పట్టుకొచ్చి దానికి సరిపోయేంత పెట్టమంటారు. "జరమొచ్చిన రోజు సూసి జన్మంత గోలీలు మింగుతవా?" అనేది. ఏడాది బిల్లులు తెమ్మనేది. చలికాలంలో ఎంత, ముసురు పట్టినప్పుడు ఎంత, కూతురు కాన్పుకు వచ్చిన నెలలో ఎంత అని గుచ్చి గుచ్చి అడిగేది. కిలోవాటుకు రోజుకు నాలుగు యూనిట్లు అనుకోమనేది. ముందు అనవసరంగా పోయేది ఆపించి, మిగిలినదానికే ప్యానెళ్ళు చెప్పేది. ఆ మిగిలినదానికి కూడా పూర్తిగా కాదు. "మందు ఎక్కువైతే గూడ రోగమే" అనేది.

ఆమె ఎప్పుడూ సరిగ్గానే చెప్పిందని కూడా నేను అనను. చేవెళ్ళలో ఒక టైలరుకు ఒక కిలోవాటు చాలన్నది. పెళ్ళిళ్ళ రోజుల్లో అతని దగ్గర మిషన్లు, ఇస్త్రీలు రెండింతలు నడుస్తాయని అడగనే లేదు. అతను వచ్చి చెప్పుకుంటే, "నేను తప్పు చెప్పిన! తప్పే! ఏం జేస్తవు ఇప్పుడు?" అని అతని మీదే విరుచుకుపడింది. తప్పు ఒప్పుకోవడం కూడా ఆమెకు తిట్టినట్టే వచ్చేది. ఏసీ పెట్టుకున్నవాళ్ళంటే ఊరికే పడేది కాదు. అందులో న్యాయం లేదని నేను అంటే రెండు వారాలు నా స్కూటీ ఎక్కలేదు.

ఒకసారి మైకు కట్టిన వ్యాను ఒకటి మా వైపు ఊళ్ళు తిరిగింది. ఇంటింటికీ సోలార్, బ్యాంకు లోను వాళ్ళే ఇప్పిస్తారు. మా సందు చివరి ఇంట్లో రేకుల కింద రెండు గదుల కాపురం ఉండే ఒకాయన లోను కాగితాల మీద సంతకం పెట్టబోతుండగా మేము అటుగా వెళ్తున్నాం. ఆమె నా భుజం గిల్లి బండి ఆపించి, కాగితాలు పట్టుకున్న కుర్రవాడి వైపు తిరిగింది.

"ఏం బాబూ, ఈయనకు నెలకు బిల్లెంతొస్తది?"

"ఆంటీ, ఫ్యూచర్ల కరెంటు రేట్లు..."

"నేను నీకు ఆంటీ ఎట్లయితరా? మీ అమ్మ పేరు చెప్పు, మా చెల్లెలేమో సూస్త. బిల్లెంతొస్తదని అడిగిన."

వ్యాను కుర్రవాడు ఇంటాయన వైపు చూశాడు. ఇంటాయన నేల చూపులు చూశాడు. "జీరో వస్తది సిస్టరమ్మా."

"సున్నల నుంచి ఎంత తగ్గిస్తవురా నువ్వు?"

సందులో ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. ఆమె నవ్వలేదు. వ్యాను రోడ్డెక్కేదాకా నడుము మీద చేతులు పెట్టుకుని అక్కడే నిలబడింది.

ఈ జీరో సంగతి కొంచెం చెప్పాలి. రెండొందల యూనిట్ల లోపు వాడుకున్న పేదింటికి బిల్లు ఉండదు. దాటితే మొత్తం కట్టాలి. దీంతో మా ఊళ్ళో ఒక కొత్త ఆచారం పుట్టింది. రీడింగు తీసే మనిషి వచ్చే రోజులు దగ్గరపడుతుంటే ఆడవాళ్ళు పొద్దున్నే వాకిలి ఊడ్చి, చీపురు పక్కన పెట్టి, మీటరు వైపు చూస్తారు. "దాటిందా?" అని పక్కింటామె గోడ మీంచి అడుగుతుంది. "ఇంక దాటలే" అని ఈమె. ఫ్రిజ్ ఖాళీ చేసి తుడిచి తలుపు తీసి పెడతారు. మిక్సీ అటక ఎక్కి రోలు కిందికి దిగుతుంది. ఇస్త్రీ లేని చొక్కాలతో మగవాళ్ళు పనికి పోతారు. చుట్టాలు వస్తామని ఫోన్ చేస్తే వచ్చే వారం రమ్మంటారు. దీన్ని మేము జీరో వారం అంటాం. సిస్టరమ్మ దీన్ని ఏమీ అనేది కాదు. "గరీబోడు హిసాబు జేసుకుంటడు, జేసుకోనియ్యి" అనేది. ఆ హిసాబు ఎంతదాకా పోతుందో అప్పటికి ఆమెకు కూడా తెలియదు.

మా సంఘంలోనే ఒకాయన ఉన్నాడు. షాబాద్ బండలకు పాలిష్ పట్టే పని చేసేవాడు. ఏళ్ళ తరబడి ఆ దుమ్ము పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడైపోయాయి. నాకంటే చిన్నవాడు. ఇంట్లో ఆక్సిజన్ మిషన్ పెట్టారు. గాలిని లాగి ముక్కుకు గొట్టంతో ప్రాణవాయువు ఇస్తుంది. దాన్ని రాత్రింబగళ్ళు నడపాలని డాక్టర్లు చెప్పారు. భార్య చేవెళ్ళ దగ్గర గులాబీ తోటల్లో పూలు తెంపే కూలికి పోతుంది. సిస్టరమ్మ అప్పుడప్పుడు వెళ్ళి ఆయనను చూసి వచ్చేది. మీటరు కోసం కాదు, నర్సుగా.

ఆ రోజు మధ్యాహ్నం నేనే తీసుకెళ్ళాను. జీరో వారం నడుస్తోంది. గడపలోనే ఆమె ఆగిపోయింది. ఎప్పుడు వెళ్ళినా వినిపించే మిషన్ చప్పుడు లేదు. ఆయన మంచం అంచున కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు ఊని ముందుకు వంగి ఉన్నాడు. భుజాలు పైకీ కిందికీ కదులుతున్నాయి. పెదాల రంగు నాకే తేడాగా కనిపించింది.

"మిషన్ ఏమైంది?"

"ఏం కాలే సిస్టరమ్మా" అన్నది భార్య. "వేడెక్కుతున్నదని జరసేపు రెస్టిచ్చినం."

సిస్టరమ్మ బయటికి వచ్చి మీటరు ముందు నిలబడింది. పోయిన నెల బిల్లు ఎంత వచ్చిందని అక్కడి నుంచే అడిగింది.

"జీరోనే" అన్నది భార్య. ఆ ఒక్క మాటతో తప్పించుకున్నాననుకున్నట్టుంది, కొంచెం నవ్వింది కూడా.

సిస్టరమ్మ లోపలికి వచ్చింది. ఆమె కోపం నేను ఎన్నోసార్లు చూశాను. అరవని కోపం ఆ రోజే చూశాను.

"గీ మిషన్ రోజంత నడిస్తే ఎనిమిది యూనిట్లు. నెలకు గిదొక్కటే రెండొందలు దాటుతది. ఫ్యాను, లైట్లు వేరే. నీకు జీరో ఎట్లొచ్చింది బిడ్డా?"

 భార్య పైట చెంగు నోట్లో పెట్టుకుంది.

"రోజుకు ఎంతసేపు బంద్ వెడుతున్నవు?"

"నేనే... చెప్పిన... సిస్టరమ్మా" అన్నాడు ఆయన. ఒక్కో మాటకు ఒక్కో ఊపిరి. "పగటీలి... నాకు... మంచిగనే... ఉంటది."

రాత్రి భయం వేస్తుంది కాబట్టి రాత్రి నడుపుతున్నారు. పగలు ఆపుతున్నారు. భార్య కూలికి పోయినప్పుడు ఆయనే లేచి ఆపుకుంటున్నాడు. ఊరు ఊరంతా ఫ్రిజ్ ఆపుకుని ఆ రెండొందల గీత దాటకుండా చూసుకుంటోంది. ఆపుకోవడానికి వీళ్ళ ఇంట్లో పెద్ద వస్తువు ఇదొక్కటే ఉంది.

సిస్టరమ్మ మిషన్ వేసింది. గొట్టం ఆయన ముక్కుకు తనే పెట్టింది. మణికట్టు పట్టుకుని, తల వంచి, గడియారం చూస్తూ చాలాసేపు కూర్చుంది. లేచేటప్పుడు భార్యతో, "ఈ నెల రెండొందలు దాటనియ్యి. దీని మీద చెయ్యేసినవంటే నీ చెయ్యి విరగ్గొడత" అన్నది. ఆ మాట అంటూ ఆమె తల మీద చేయి వేసి నిమిరింది.

దారిలో ఇక ఆమె నోరు ఆగలేదు. బండల వ్యాపారిని తిట్టింది. రెండొందల దగ్గర గీత గీసినవాళ్ళను తిట్టింది. మిషన్ నడిచే ఇంటికి వేరే లెక్క ఉండాలన్న ఇంగితం లేనివాళ్ళను తిట్టింది. మెల్లగా నడుపుతున్నానని నన్ను తిట్టింది. తర్వాత, "రెండు కిలోవాట్లు. రేకుల మీద ఇనుప స్టాండు. రోజుకు ఎనిమిది యూనిట్లు. మిషన్ ది ఎల్లిపోతది. కరెంటు పోయినప్పుడు గీ సోలార్ గూడ పనిచెయ్యది, అప్పటికి ఒక సిలిండరు పక్కకుండాలె" అన్నది. ఆ లెక్క ఆమె అక్కడే, ఆయన మణికట్టు పట్టుకుని కూర్చున్నప్పుడే వేసేసుకుంది.

అప్పటికే మా గుడి మీద సోలార్ పెట్టడానికి సంఘంలో కానుకలు ఎత్తుతున్నారు. పక్క ఊరి గుడి మీద అయిదు కిలోవాట్లు పెట్టారట, అందుకని మాకు పది కావాలి. లెక్క అంతే. ఇంకే లెక్కా లేదు. పూలు తెంపే ఆడవాళ్ళు ఒక్కొక్కరు ఒక రోజు కూలి కవర్లో పెట్టి ఇచ్చారు. ఆ ఆదివారం ఆరాధన అయిపోగానే సిస్టరమ్మ లేచి, అందులో నుంచి ముందు ఆ ఇంటి మీద రెండు కిలోవాట్లు పెట్టాలని అడిగింది.

సంఘ పెద్ద మర్యాదగానే చెప్పాడు. "దేవుని పేరు మీద ఎత్తిన కానుక సిస్టరమ్మా. అది దేవుని మందిరానికే చెందాలె."

"దేవునికి ఊపిరాడుతలేదా?"

ఆమె నెత్తి మీద తిరిగే ఫ్యాన్ల వైపు చేయి చూపించింది.

"గీ ఫ్యాన్లు తిరిగేది ఆదివారం పొద్దున, బుధవారం పొద్దుమీకి. మిగిలిన రోజుల్ల మీ పది కిలోవాట్లు ఎవరికోసం? తాళమేసిన గుడికా? గాయన మిషన్ ఆగితే గాయన ఆగుతడు."

"జర శాంతంగ మాట్లాడుండ్రి."

"శాంతంగ సమాధి కాడ మాట్లాడుకుందాం. గాయన ఇంక బతికే ఉన్నడు."

ఆమెను స్త్రీల సమాజం పెద్దరికం నుంచి తప్పించారు. మందిరంలో నోరు పారేసుకుంది అన్నారు. ఆమె ఊరుకోలేదు. ఇంకో రోజు ఇనుప నిచ్చెన వేసుకుని గుడి మిద్దె ఎక్కింది. ఆ వయసులో, ఆ ఎండలో, గొడుగు కూడా మడిచి సంచిలో పెట్టుకుని. గంట గోపురం నీడ పొద్దున ఎక్కడ పడుతుందో, నడి మధ్యాహ్నం ఎక్కడ పడుతుందో, సాయంత్రానికి ఎంత సాగుతుందో సుద్దముక్కతో గీతలు గీసింది. ప్యానెళ్ళు పెడదామనుకున్న చోటు సగం పూట నీడలోనే ఉంది. కింద నుంచి సంఘ పెద్ద, ఆడమనిషి మందిరం నెత్తికెక్కడం ఏమిటని అరిచాడు.

"పైన దేవునికి లేని బాధ కిందున్న నీకేంది?" అని ఆమె పిట్టగోడ మీద నుంచి అరిచింది.

ఆ తర్వాత ఎక్కువ కాలం లేదు. ఒక పొద్దున స్నానానికి నీళ్ళు తోడుకుంటూ పడిపోయింది. చేవెళ్ళ చేరేలోపే పోయింది. సమాధి దగ్గర శాంతంగా మాట్లాడటం అంటే ఏమిటో అప్పుడు చూశాను. సంఘ పెద్ద కళ్ళు తుడుచుకుంటూ, గుడి మీద పెట్టే సోలార్ సిస్టరమ్మ జ్ఞాపకార్థం పెడతామని, ఆమె పేరుతో పాలరాతి శిల వేయిస్తామని ప్రకటించాడు. ఆమె దేన్నయితే వద్దని అరిచి అరిచి చచ్చిపోయిందో, దాని మీదే ఆమె పేరు చెక్కిస్తారట! నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సిస్టరమ్మ తమ్ముడి భార్య ఆమె గుడ్డసంచి, గడియారం నాకిచ్చింది. "నీ బండెక్కి తిరిగింది గదా, నీకాడనే ఉండనియ్యి" అన్నది.

జ్ఞాపకార్థ కూడిక రోజు గుడి నిండిపోయింది. శిల మీద తెల్లగుడ్డ కప్పి వాకిట్లో నిలబెట్టారు. ప్యానెళ్ళు వచ్చే వారం బిగిస్తారు. ముందు శిల తెరుస్తారట. మండే ఎండ. పైన ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి. వెనక వరుసలో ఆ బండల పనాయన భార్య ఒక్కతే గోడకు ఆనుకుని కూర్చుంది. ఆయన ఇంట్లో ఉన్నాడు. అది జీరో వారం. మిషన్ నడుస్తోందో లేదో ఆమెకు, దేవుడికే తెలియాలి. సంఘ పెద్ద మైకు తీసుకుని మొదలుపెట్టాడు.

"సౌమ్యురాలైన మన సిస్టరమ్మ..."

నేను లేచాను. ముందుగా అనుకుని వెళ్ళింది కాదు. గడియారం మాత్రం పైటకు పెట్టుకుని వెళ్ళాను. వసారాలోకి నడిచి మెయిన్ స్విచ్చు కిందికి దించేశాను.

ఫ్యాన్లు ఒక్కొక్కటే నెమ్మదించి ఆగిపోయాయి. సంఘ పెద్ద పెదాలు కదులుతూనే ఉన్నాయి. మాట మూడో వరుస దాటి రావడం లేదు. నేను గుమ్మంలో నిలబడ్డాను. నా గొంతు సిస్టరమ్మ గొంతంత పెద్దది కాదు. ఆ రోజు మాత్రం ఎక్కడి నుంచో వచ్చింది.

"అన్నీ బంద్ జేసిన. ఇప్పుడు చెప్పుండ్రి, ఎవరికన్న ఊపిరాడుతలేదా?"

 కొందరు పాటల పుస్తకాలతో విసురుకోవడం మొదలుపెట్టారు.

"చెమట పోస్తున్నది. గంతే గదా? గీ కరెంటు లేకుంటె మనకు చెమట. గాయనకు సావు. మొన్నటిదాక గాయన ఇంటికి జీరో బిల్లు వచ్చింది. ఎట్లొచ్చిందో తెల్సా? పగలంత మిషన్ బంద్ వెట్టుకుని వచ్చింది. బిల్లు కోసం ఊపిరి బంద్ వెట్టుకుంటున్నడు. మనమేమో నీడల పది కిలోవాట్లు పెట్టి సిస్టరమ్మ పేరు రాస్తున్నం."

"అమ్మా, జర శాంతంగ..." అంటూ సంఘ పెద్ద ముందుకు వచ్చాడు.

"శాంతం గీంతం నాకాడ లేదు. ఆమె కాడ గూడ లేకుండె!"

ఆయన నన్ను దాటి మెయిన్ వైపు చేయి చాపాడు. అప్పుడు ఆడవాళ్ళ వరుసల్లో నుంచి పూలు తెంపే ఒక అవ్వ లేచింది. వేళ్ళ మీద ముళ్ళ గీరలతో ఉన్న చేయి పైకెత్తింది. సిస్టరమ్మ ఎత్తినట్టే.

"జర ఆగు పెద్దయ్యా. ఒక దినం కూలి నేను కవర్ల ఏసిన. నాది గా మిషన్ కు పెట్టుండ్రి."

"నాది గూడ" అన్నది పక్కనున్నామె. ఇంకెవరో కూడా అన్నారు. తర్వాత ఎవరు ఏమన్నారో వినిపించనంత గోల. సంఘ పెద్ద ఏదో చెబుతూనే ఉన్నాడు, మైకు లేకపోతే ఆయన గొంతు కూడా అందరి గొంతు లాంటిదే. పాస్టరు గారు లేచి, ప్రార్థన చేసుకుని నిర్ణయిద్దాం అన్నారు. "నిర్ణయమైపాయె అయ్యగారూ, ఇగ ప్రార్థన జెయ్యుండ్రి" అన్నది అవ్వ. లైట్లు లేని ఆ గుడిలో, ఆ ఉక్కలో ఆయన ప్రార్థన చేశారు. వెనక గోడ దగ్గర బండల పనాయన భార్య మాత్రం ఆమెన్ చెప్పలేకపోయింది. మోకాళ్ళలో ముఖం పెట్టుకుని ఏడుస్తోంది.

ఇప్పుడు ఆ బండల పనాయన రేకుల ఇంటి మీద ఇనుప స్టాండు, దాని మీద రెండు కిలోవాట్లు ఉన్నాయి. మంచం పక్కన ఒక సిలిండరు ఉంది. బిల్లు పూర్తిగా పోయిందని చెప్పను. కట్టగలిగినంతకు వచ్చింది. జీరో వారంలో, నడి మధ్యాహ్నం, కావాలనే ఆ సందులోంచి స్కూటీ పోనిస్తాను. మిషన్ చప్పుడు రోడ్డు మీదికి వినిపిస్తుంది. మిగిలిన కానుకతో గంట గోపురానికి రంగులు వేయించుకున్నారు. వేయించుకోనీ.

శిల మాత్రం చెక్కించేశారు కదా, వృథా ఎందుకని గుడి వాకిట్లోనే పెట్టారు. సిస్టరమ్మ పేరు, దాని కింద పెద్ద అక్షరాలతో సౌమ్యురాలు అని ఉంది. ప్రతి ఆదివారం గుడిలోకి పోయేముందు నేను ఆ మాట మీద సుద్దముక్కతో గట్టిగా ఒక గీత కొడతాను. వారం లోపల ఎవరో తుడుస్తారు, లేదా వాన తుడుస్తుంది. మళ్ళీ కొడతాను. ఆమె సంచిలో సుద్దముక్కలు ఇంకా చాలా ఉన్నాయి.